హంటింగ్టన్ జబ్బు: ఒళ్ళు ఆడటం ఆగితే చాలా? (ఒక కేస్ స్టడీ)

హంటింగ్టన్ అనే, వంశంలో దిగే మెదడు జబ్బున్న మనిషి గదిలోకి రాగానే ఎవరి చూపైనా ముందు చేతుల మీదికే పోతుంది. వేళ్ళు వాటంతటవే కదులుతుంటాయి, భుజం ఎగురుతుంది, నుదురు ముడిపడి విడిపోతుంది, నడుస్తుంటే మనిషి అటూ ఇటూ తూలుతుంది. దీన్ని మేం కొరియా అంటాం, పల్లెల్లో "ఒళ్ళు ఆడుతోంది" అంటారు. ఇంట్లోవాళ్ళు అడిగేదీ ఒకటే, ఈ ఆట ఆపండి అని. ఆట ఆపినంత మాత్రాన మనిషి బాగుపడదని, ఒక్కోసారి ఆట ఆపడానికి వేసిన మందుతోనే మనిషి పాడవుతుందని ఈ పేషెంట్ విషయంలో చాలా స్పష్టంగా కనిపించింది, అందుకే రాస్తున్నాను. నేను న్యూరాలజిస్టును. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఆవిడకు 43 ఏళ్ళు, ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. భర్త ఆటో నడుపుతాడు, వరసకు ఆవిడ మేనమామే. కూతురికి 21, కొడుకుకు 16.

మొదట తేడా కనిపెట్టింది జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళు. కొలతలు తప్పడం, ఒకరి గుడ్డ ఇంకొకరి కొలతకి కత్తిరించేయడం, చెప్పిన రోజుకి ఒక్కటీ పూర్తవకపోవడం, అడిగితే గొడవ. అప్పటికి చేతులు ఏమంత ఆడటం లేదు. ఈ జబ్బులో ఆలోచన, ప్రవర్తన మారడం కదలికల కంటే ఏళ్ళ ముందే మొదలవ్వచ్చు. జ్ఞాపకం చాలావరకు బాగానే ఉంటుంది, పేర్లు, ముఖాలు, పాత సంగతులు అన్నీ గుర్తుంటాయి. దెబ్బతినేది పనిని వరసగా పెట్టుకోవడం, ఒక పని ఆపి ఇంకో పనికి మారడం, కోపాన్ని ఆపుకోవడం. అందుకే ఇంట్లోవాళ్ళకి అది జబ్బులా అనిపించదు, పొగరులాగో బద్ధకంలాగో కనిపిస్తుంది. రెండేళ్ళ పాటు ఆవిడ తిట్లు తిన్నది అందుకే.

ఆ తర్వాత వేళ్ళు ఆడటం మొదలైంది. తాయెత్తు కట్టించారు, ఒక గుడి దగ్గర నిద్ర చేయించారు, చివరికి టౌన్‌లో ఒక చోట చూపిస్తే హాలోపెరిడాల్ 5 మి.గ్రా. రోజుకి రెండుసార్లు, ట్రైహెక్సిఫెనిడిల్ 2 మి.గ్రా. మూడుసార్లు రాశారు. ఆట నిజంగానే తగ్గింది. అదే చీటీ మీద ఎనిమిది నెలలు వాడారు. నా దగ్గరికి వచ్చేటప్పటికి భర్త అన్న మాట: "ఆట తగ్గింది మేడం, కానీ మనిషి మాట్లాడట్లేదు. ముద్ద నోట్లో పెట్టుకుని అట్లాగే కూర్చుంటోంది, అన్నం తినాలంటే గంట పడుతోంది."

ఎత్తు 154 సెం.మీ., బరువు 41 కిలోలు. అంతకు ముందు ఏడాది 50 ఉండేది. ఒళ్ళు బిగుసుకుపోయి ఉంది, నోటి పక్క నుంచి చొంగ, గొంతు బాగా సన్నబడింది. నాలుక బయటకు చాపి ఉంచమంటే రెండు మూడు సెకన్లు కూడా నిలవదు, లోపలికి వెళ్ళిపోతుంది. నా వేళ్ళు పట్టుకోమంటే పట్టు ఒకసారి బిగుస్తుంది, ఒకసారి వదులవుతుంది, పాలు పితుకుతున్నట్టు. చూపు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తిప్పమంటే ముందు రెప్ప కొట్టాలి, లేదా తల తిప్పాలి, కళ్ళు వెంటనే కదలవు. ఈ మూడూ ఓపిగ్గా చూస్తే, కదలికలు మందుతో అణిగిపోయి ఉన్నా సరే, జబ్బు దొరుకుతుంది.

కుటుంబ చరిత్ర దగ్గర అందరూ ముందు "ఎవరికీ లేదు" అనే అన్నారు. తండ్రి ఎలా పోయారు అని అడిగితే, తాగి తాగి పోయాడు. అప్పుడు పక్కన కూర్చున్న తల్లి మెల్లగా చెప్పింది, "ఆకర్న నాలుగైదేళ్ళు ఆయన చుక్క ముట్టలేదమ్మా. ముట్టకపోయినా తూలేవాడు. ఊళ్ళో అందరూ తాగాడనే అనుకున్నారు." పేషెంట్ అన్న ఒకాయన 36 ఏళ్ళకి పురుగుల మందు తాగి చనిపోయాడు, దాన్ని అప్పుల ఖాతాలో వేశారు. ఈ రెండు చావులనీ, ఈవిడ చేతుల ఆటనీ కలిపి చూసినవాళ్ళు ఎవరూ లేరు. కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు "మీ ఇంట్లో ఈ జబ్బు ఎవరికైనా ఉందా" అని అడిగితే లాభం లేదు, ఎవరు ఎలా పోయారు, పోయే ముందు ఎలా నడిచేవారు, ఎలా మాట్లాడేవారు అని అడగాలి.

జార్జ్ హంటింగ్టన్ అనే అమెరికా డాక్టర్ 1872లో, 22 ఏళ్ళ వయసులో ఈ జబ్బు గురించి రాసినప్పుడే మూడు విషయాలు చెప్పాడు: వంశంలో దిగుతుంది, పెద్దయ్యాక మొదలవుతుంది, మతి చెదరడం, ఆత్మహత్య వైపు మొగ్గడం ఉంటాయి. ఆయన తండ్రి, తాత కూడా డాక్టర్లే, అవే కుటుంబాలను తరతరాలుగా చూశారు కాబట్టి ఆ కలయిక ఆయనకు కనపడింది. ఇన్నేళ్ళ తర్వాత మనం మూడో సంగతి మర్చిపోయి చేతులనే చూడటం నాకు బాధగా ఉంటుంది.

జన్యు పరీక్షకు ముందు వేరే కారణాలు తేల్చుకోవాలి, ముఖ్యంగా నయం చేయగలిగేవి. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు కోసం సెరులోప్లాస్మిన్ అనే రక్త పరీక్ష, కంటి పరీక్ష, ఇంకా షుగర్, థైరాయిడ్, లూపస్ పరీక్షలు, రక్తం స్మియర్, అన్నీ మామూలే. ఎంఆర్ఐలో కదలికలను అదుపు చేసే కాడేట్ అనే మెదడు భాగం రెండు వైపులా బాగా కుంచించుకుపోయి ఉంది. తర్వాత కౌన్సెలింగ్ చేసి, ఆవిడ ఒప్పుకున్నాక, రక్తం పంపాం. రిపోర్టులో సీఏజీ రిపీట్లు 45, 18.

ఈ అంకెల గురించి ఇంటివాళ్ళకి చెప్పింది ఇక్కడా చెప్తాను. 4వ క్రోమోజోమ్ మీద హెచ్‌టీటీ అనే జన్యువు ఉంది, దీన్ని 1993లో కనిపెట్టారు. అందులో సీఏజీ అనే మూడక్షరాలు వరసగా మళ్ళీ మళ్ళీ వస్తాయి. 26 వరకు అయితే మామూలు. 27 నుంచి 35 ఉన్నవాళ్ళకి సాధారణంగా జబ్బు రాదు కానీ పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ సంఖ్య పెరగవచ్చు. 36 నుంచి 39 అయితే రావచ్చు, రాకపోవచ్చు. 40, ఆ పైన ఉంటే మామూలు ఆయుష్షు బతికినవాళ్ళకి వచ్చి తీరుతుంది. అందరికీ రెండు కాపీలుంటాయి, ఒక్క కాపీ చెడినా చాలు, అందుకే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం, ఆడా మగా తేడా లేదు. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ జబ్బు త్వరగా మొదలవుతుందన్నది గుంపు మొత్తం మీద నిజం, కానీ ఒక మనిషికి ఫలానా వయసులో వస్తుందని ఆ సంఖ్య చూసి చెప్పలేం.

ఇది విన్నాక తల్లి ఏడ్చింది. తమ్ముడికి పట్టుబట్టి కూతుర్నిచ్చి చేసింది ఆమే, మేనరికం వల్లే ఇదంతా అని ఊరంతా అంటుంటే ఏళ్ళ తరబడి మోస్తోంది. ఆమెకు కాగితం మీద గీసి చూపించాను: జబ్బు వచ్చింది తండ్రి వైపు నుంచి, మేనమామ తల్లి వైపు మనిషి. మేనరికం వల్ల పెరిగే జబ్బులు వేరు, వాటిలో రెండు కాపీలూ చెడాలి. ఈ జబ్బుకీ ఆ పెళ్ళికీ సంబంధం లేదు. ఈ ముక్క చెప్పడానికి మందేమీ అక్కర్లేదు, కానీ ఆ ఇంట్లో ఆ తర్వాత జరిగిన సేవంతా ఎక్కువగా ఆ తల్లి చేసిందే, అందుకే దీన్ని చికిత్సలో భాగంగానే లెక్కేస్తాను.

మందుల విషయానికొస్తే, మొదటి పని తీసేయడం. హాలోపెరిడాల్ అంత డోసులో కొరియాను అణిచింది, దానితో పాటు ఒంటిని బిగించింది, మింగడాన్ని పాడుచేసింది. ఆ బిగుతుకి ఇచ్చిన ట్రైహెక్సిఫెనిడిల్ అప్పటికే మందగించిన ఆలోచనను ఇంకా మందగింపజేసింది, మలబద్ధకం కూడా దానివల్లే. హంటింగ్టన్ జబ్బులో మెదడు లోపల నెమ్మదితనం కొరియా వెనకాల ముందు నుంచీ దాగి ఉంటుంది, కదలికలను నడిపే మెదడు రసాయనం డోపమైన్‌ని గట్టిగా అణిస్తే అది బయటపడుతుంది. హాలోపెరిడాల్ కొన్ని వారాల్లో తగ్గించుకుంటూ వచ్చి, ఆ వెనకే ట్రైహెక్సిఫెనిడిల్ మెల్లగా మానిపించాం. రాత్రికి ఓలాంజపిన్ 2.5 మి.గ్రా., తర్వాత 5. అదే ఎందుకంటే, కొరియా కొంత తగ్గిస్తుంది, చిరాకు తగ్గిస్తుంది, నిద్ర పట్టిస్తుంది, వేరే వాళ్ళలో సైడ్ ఎఫెక్ట్ అనుకునే ఆకలి, బరువు ఈవిడకి కావాల్సినవి. షుగరూ కొలెస్ట్రాలూ మాత్రం చూసుకుంటూ ఉండాలి.

ఆట మళ్ళీ కొంత పెరుగుతుందని ముందే చెప్పాను, టెన్షన్ పడొద్దని. పెరిగింది కూడా. భర్త ఫోన్ చేసి మళ్ళీ ఆడుతోంది మేడం అన్నాడు. అన్నం ఎంతసేపట్లో తింటోంది అని అడిగితే, ఇరవై నిమిషాలు అన్నాడు.

దిగులు గురించి అడగకుండా ఈ జబ్బులో ఏ మందూ మొదలుపెట్టకూడదు. ఆవిడని ఒక్కదాన్నీ కూర్చోబెట్టి అడిగాను, "ఏమ్మా, బతికి ఏం లాభం అనిపిస్తోందా?" అని. అనిపిస్తోంది అంది, అన్న చేసినట్టు చేయాలని కూడా అనిపించిందంది. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, పుట్టదు, ఉన్నది బయటకొస్తుంది. సెర్ట్రాలిన్ 25 మి.గ్రా.తో మొదలుపెట్టి 100 దాకా తీసుకెళ్ళాం, సైకియాట్రిస్ట్ కూడా చూశారు. అంతకంటే ముందు అదే రోజు, పురుగుల మందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయమని, మాత్రలు కూతురి దగ్గర తాళం వేసి ఉంచమని, ఆవిడని కొన్నాళ్ళు ఒంటరిగా వదలొద్దని చెప్పాం. వ్యవసాయం ఉన్న ప్రతి ఇంట్లో ఈ డబ్బాలుంటాయి కాబట్టి ఇది అడగడం నాకు బీపీ చూడటం లాంటిదే. మనోవేదనలో ఉన్నవాళ్ళకి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 కూడా గోడ మీద రాయించాం, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

టెట్రాబెనజిన్ ఎందుకు మొదటే ఇవ్వలేదని నా దగ్గర నేర్చుకునే డాక్టర్లు అడుగుతారు. కొరియాకి అది మంచి మందే, 2008 నుంచి అమెరికాలో దీనికి అనుమతి ఉంది, మన దగ్గరా దొరుకుతుంది. కానీ అది దిగులును పెంచగలదు, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవాళ్ళకి, చికిత్స అందని డిప్రెషన్ ఉన్నవాళ్ళకి ఇవ్వకూడదు. ఈవిడకి ఆ రెండూ ఉన్నాయి. అయిదారు నెలలకి మనసు కుదుటపడ్డాక, చేతి ఆట వల్ల గ్లాసు నోటి దాకా రాకపోవడం, నడుస్తూ పడిపోవడం ఎక్కువయ్యాక, ఈసీజీ చూసి, పొద్దున 12.5 మి.గ్రా. మొదలుపెట్టాం. వారానికి ఒక 12.5 చొప్పున పెంచి రోజుకి మూడుసార్ల దగ్గర ఆపాం. దాని పైకి వెళ్తే మత్తుగా పడుకుని ఉండేది, వెనక్కి తగ్గించాం. కొరియా పూర్తిగా పోలేదు, పోవాలని మేం చూడనూ లేదు, గ్లాసు నోటి దాకా వచ్చింది. ఫ్లూయాక్సెటిన్, పారాక్సెటిన్ అనే దిగులు మందులు వాడుతున్నవాళ్ళకి టెట్రాబెనజిన్ లివర్‌లో విరగడం తగ్గి ఒంట్లో పేరుకుపోతుంది, డోసు సగం చేయాల్సి వస్తుంది, దిగులుకి నేను సెర్ట్రాలిన్ ఎంచుకోవడానికి అదీ ఒక కారణం.

ఇక కోపం. దీనికి మాత్రల కంటే ఇంటి పద్ధతి ఎక్కువ పనిచేసింది. ఎప్పుడెప్పుడు కోపం వస్తోందో వారం పాటు నోట్‌బుక్‌లో రాయమంటే కూతురు రాసుకొచ్చింది: ఆకలేసినప్పుడు, మలబద్ధకం ఉన్నప్పుడు, ఇద్దరు ఒకేసారి మాట్లాడినప్పుడు, బయల్దేరదామని చెప్పి ఆలస్యం చేసినప్పుడు. ఎదురుచూడటం ఈ జబ్బున్నవాళ్ళకి నిజంగానే చేతకాదు, మొండితనం అనుకోవద్దు. రోజూ ఒకే వేళకి లేవడం, స్నానం, తిండి, అది ఒక చార్టుగా గోడకి. "ఏం తింటావ్" అనే ప్రశ్న మానేసి "ఇడ్లీనా, ఉప్మానా" అని అడగడం, అడిగాక జవాబు వచ్చేదాకా ఆగడం, ఎందుకంటే జవాబు తయారవడానికి వాళ్ళకి టైం పడుతుంది, ఆ లోపు మనం మళ్ళీ అడిగితే మొదటికొస్తుంది. ఆటో డబ్బులు ఎక్కడ అని ఒకే మాట పదే పదే అడిగేది, వాదించకుండా ఒకసారి చెప్పి వేరే పనిలో పెట్టడం. తనకేమీ లేదని ఆవిడ ఇప్పటికీ అంటుంది, చేతులు ఆడుతున్నాయని తనకి తెలియదు కూడా. ఒప్పించాలని చూడొద్దన్నాను, అది అబద్ధం ఆడటం కాదు, తన జబ్బు తనకి కనపడకపోవడం కూడా ఈ జబ్బు లక్షణమే.

తిండి దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ జబ్బులో చివరికి ఎక్కువగా ప్రాణం తీసేది ఊపిరితిత్తుల్లోకి తిండి పోయి వచ్చే న్యుమోనియానే. మన వాళ్ళు బలహీనంగా ఉంటే చారన్నం, మజ్జిగన్నం పెడతారు, తేలిగ్గా దిగుతుందని. మింగడం దెబ్బతిన్నవాళ్ళకి అది కష్టమైన తిండి. పల్చటి నీళ్ళు ముందే జారిపోయి గొంతు దగ్గరికి వస్తాయి, మెతుకులు నోట్లో ఇంకా నములుతూనే ఉంటారు, అప్పుడే పొలమారుతుంది. సాంబార్లో తేలుతున్న ఇడ్లీ కూడా అంతే. దాని బదులు ముద్దపప్పు, నెయ్యి వేసి మెత్తగా మెదిపిన అన్నం, గట్టి పెరుగుతో కలిపిన మెత్తటన్నం, చిక్కటి రాగిజావ, మెదిపిన అరటిపండు, మెత్తగా గిలక్కొట్టి వండిన గుడ్డు. మరమరాలు, పల్లీలు, జంతికలు, పొడి అటుకులు బంద్. రోజుకి మూడు పెద్ద భోజనాల బదులు అయిదారు చిన్నవి, ప్రతిదాంట్లో ఒక చెంచా నెయ్యో వెన్నో, ఎందుకంటే వీళ్ళకి కేలరీలు మామూలు మనిషి కంటే బాగా ఎక్కువ కావాలి. టీవీ ఆపాలి, తినేటప్పుడు పలకరించకూడదు. నిటారుగా కూర్చుని, గడ్డం కొంచెం కిందికి వంచి మింగాలి, ఒక ముద్ద దిగాకే ఇంకోటి, తిన్నాక అరగంట పడుకోకూడదు, రెండు పూటలా నోరు శుభ్రం. స్పీచ్ థెరపిస్టు కూర్చుని ఇవన్నీ తల్లికి చేసి చూపించారు. గొంతుకడ్డం పడితే వెనక నుంచి పొట్ట మీద ఎలా నొక్కాలో ఇంట్లో అందరికీ నేర్పాం. పది నెలలకి బరువు 47.5.

పడిపోవడాలకి ఫిజియోథెరపీ, దానితో పాటు ఇంట్లో మార్పులు. ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడ ధబాల్న కూలబడితే కుర్చీతో సహా వెనక్కి పడింది, చేతులున్న బరువైన చెక్క కుర్చీ గోడకి ఆనించి పెట్టించాం. మంచం తీసేసి నేల మీద మందపాటి పరుపు. చీర కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడుతున్నాయి, పొట్టి నైటీ. బాత్రూంలో గోడకి రాడ్, కమోడ్ కుర్చీ. కత్తిపీట, గ్యాస్ పొయ్యి దగ్గరికి ఒంటరిగా పోనివ్వకూడదు. కుట్టు మిషన్ మాత్రం తీసేయనివ్వలేదు, సూది తీసేసి ఉంచమన్నాను, రోజూ కాసేపు పాత గుడ్డలు మడిచి దాని మీద సర్దుతుంది, ఆ కాసేపు ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని కూతురు చెప్పింది.

భర్త ఒకరోజు విడిగా వచ్చి, కూతురికి సంబంధాలు చూస్తున్నాం, వేరే ఏదో టెస్టని చెప్పి రక్తం తీసి ఇది కూడా చూసేయండి అన్నాడు. కుదరదన్నాను. ఆయన భయం అర్థమవుతుంది, కానీ ఏ లక్షణాలూ లేని మనిషికి ఈ పరీక్ష చేయించుకోవడమా వద్దా అన్నది ఆ మనిషే, 18 దాటాక, కౌన్సెలింగ్ తీసుకుని తేల్చుకోవాలి. తెలుసుకున్నాక తెలియనట్టు ఉండలేం, తెలిసినా జబ్బును ఆపే మందు ఇప్పుడు లేదు. కొడుక్కి 16, చేయం. కూతురితో మాట్లాడాను, అన్నీ అడిగింది, పిల్లల్ని కనేటప్పుడు దారులేమున్నాయో కూడా, గర్భంలో పరీక్షల గురించి, ఐవీఎఫ్‌లో ముందే పిండాన్ని పరీక్షించడం గురించి చెప్పాను. ఇప్పుడొద్దు అంది. కావాలనుకున్న రోజు నిమ్స్ జన్యు విభాగానికో, నిమ్హాన్స్‌కో రాసిస్తాను.

జీన్ థెరపీ గురించి ప్రతి కుటుంబం అడుగుతుంది. చెడ్డ ప్రోటీన్ తయారీని తగ్గించే టోమినర్‌సెన్ అనే మందు మీద పెద్ద ట్రయల్లో మందివ్వడం 2021 మార్చిలో ఆపేశారు, మేలు కంటే ముప్పు ఎక్కువగా కనిపించి. మెదడులోకి ఆపరేషన్‌తో ఎక్కించే ఏఎంటీ-130 అనే జీన్ థెరపీ మీద 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ఫలితాలు ఆశ పుట్టించేవే, కానీ చాలా కొద్దిమంది మీద చేసింది, మామూలు వాడకానికి ఇంకా రాలేదు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో నయం చేస్తామని లక్షలు అడిగితే ఇవ్వకండి, ఈ కుటుంబం ఆటో తాకట్టు పెట్టబోయింది.

ఆ డబ్బు బదులు రావాల్సిన డబ్బు తెచ్చుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దీర్ఘకాల నరాల జబ్బులు కూడా ఉన్నాయి. వికలాంగ సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి వెళ్ళేటప్పుడు జన్యు రిపోర్టు, ఎంఆర్ఐ, నడక, మింగడం, పని చేసుకోలేకపోవడం గురించి వివరంగా రాసిన మా ఉత్తరం పట్టుకెళ్ళారు. చీటీలో కొరియా అని ఒక్క ముక్క రాసి పంపితే శాతం సరిగా రాదు, డాక్టర్లు దయచేసి ఓ పేజీ రాయండి. సర్టిఫికెట్ వచ్చింది, పెన్షన్ మొదలైంది.

ఇప్పుడు వాడుతున్నవి ఓలాంజపిన్ 5, సెర్ట్రాలిన్ 100, టెట్రాబెనజిన్ 12.5 మూడుసార్లు. ఈ మధ్య నడక నెమ్మదించింది, కొరియా తగ్గుతూ బిగుతు పెరుగుతోంది, జబ్బు ముదిరే దారిలో ఇది వస్తుంది. కాబట్టి వచ్చేసారి టెట్రాబెనజిన్ మధ్యాహ్నం డోసు తీసేసి నెల చూస్తాం, గ్లాసు పట్టుకోగలిగితే ఇంకొకటి కూడా తీసేస్తాం. పొట్టలోకి ట్యూబు ద్వారా ఆహారం ఇవ్వాల్సి వస్తే కావాలా వద్దా అన్నది ఆవిడ ఇంకా తన మాట తను చెప్పగలిగినప్పుడే అడగాలి, ఆ మాట కూడా వచ్చేసారే ఎత్తుదామని ఇంట్లో వాళ్ళతో అనుకున్నాం.